మారుతి 800 ఎక్సలేటర్ వైరు మార్చిన రెండు రోజులు

దర్వేశిపురం ఎల్లమ్మ గుడి ఇంకా కిలోమీటరు ఉందనగా ఎక్సలేటర్ మీద నుంచి కాలు తీశాను. బండి వేగం తగ్గలేదు.

2024 ఆగస్టు. గుర్రంపోడు దగ్గర మా పెదనాయిన వాళ్ల బత్తాయి తోటకు పోయి నల్లగొండకు తిరిగి వస్తున్నాం. పక్కన అమ్మ, వెనక సీట్లో రెండు బస్తాల కాయలు. ఒక ట్రాక్టరును దాటడానికి గట్టిగా తొక్కాను. దాటాక కాలు తీస్తే పెడల్ పైకి రాలేదు. మా ముందు ఒక ఆటో పోతోంది. నాట్లు వేసి ఇంటికి పోతున్న ఆడవాళ్లు అందులో కిక్కిరిసి ఉన్నారు. వెనక కూర్చున్న ఇద్దరి కాళ్లు బయటికి వేలాడుతున్నాయి. ఆ కాళ్లు నాకు ఇప్పటికీ కళ్లముందే ఉన్నాయి.

నేను చేసిన మొదటి పొరపాటు, ఏమైందోనని కిందికి చూడటం. చాపగానీ అడ్డం పడిందా అనుకున్నాను. మళ్లీ తలెత్తేసరికి ఆటో చాలా దగ్గరకు వచ్చేసింది. బ్రేకు తొక్కితే బండి నెమ్మదించింది కానీ ఇంజను మాత్రం ముందుకే లాగుతోంది. నాకు బండి నేర్పిన రోజుల్లో నాయిన ఒక మాట పదిసార్లు చెప్పించుకునేవాడు. రేస్ ఇరుక్కుపోతే క్లచ్, బ్రేకు కలిపి తొక్కాలి, గేరు న్యూట్రల్ చెయ్యాలి, ఆ తర్వాతే తాళం ఒక్క మెట్టు వెనక్కి తిప్పాలి. అప్పుడు నాకు గుర్తు చేసుకునే టైము లేదు. కాళ్లూ చేతులే ఆ పని చేసేశాయి.

క్లచ్ తొక్కగానే ఇంజను చెవులు పగిలేలా అరిచింది. భారం తొలగిపోయింది కాబట్టి అట్లా అరుస్తుంది. ఆ అరుపుకు బెదిరి క్లచ్ వదిలేస్తే బండి మళ్లీ ముందుకు దూకుతుంది, అందుకే వదలకూడదు. తాళం కూడా చివరిదాకా తిప్పి బయటికి లాగొద్దు, స్టీరింగ్ లాక్ పడిపోతుంది. కాలి బలాన్ని పెంచే బ్రేక్ బూస్టర్ ఉన్న బండయితే బ్రేకును పదేపదే కొట్టకూడదు. బూస్టర్ పనిచేసేది ఇంజను పుట్టించే వాక్యూమ్‌తో. రేస్ తెరుచుకొని ఉన్నప్పుడు అది సరిగా పుట్టదు. రెండు మూడుసార్లు కొడితే ఉన్నది కూడా అయిపోయి బ్రేకు పెడల్ రాయిలా బిగుస్తుంది. ఒకేసారి గట్టిగా తొక్కి అట్లాగే పట్టుకోవాలి.

ఆటోను కుడివైపు తప్పించి, అంతే మెల్లగా రోడ్డు పక్కకు తెచ్చి ఆపాను. అమ్మ రెండు చేతులతో డాష్‌బోర్డు పట్టుకొని ఉంది. ఒక్క మాట మాట్లాడలేదు. ఆటో కూడా ఆగింది. దాంట్లోంచి పెద్దామె ఒకామె దిగి వచ్చి, "ఏమైంది బిడ్డా, బ్రేకులు పొయినయా?" అని అడిగింది. సంగతి చెప్తే అందరూ దిగారు. పొద్దంతా నడుములు వంచి నాట్లేసిన వాళ్లు, బండిని తోసుకుంటూ గుడి దగ్గర ఒక కొబ్బరికాయల దుకాణం ముందున్న వేపచెట్టు కిందికి చేర్చారు. దోసెళ్ల నిండా బత్తాయిలు ఇవ్వడం తప్ప వాళ్లకు నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది.

ఈ బండి 1998 మోడల్, ఏపీ 24 నంబరు. 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజను, పెట్రోలును గాలిలో కలిపి ఇంజనుకు పంపే కార్బొరేటర్ ఉన్న రకం. నాయిన 2003లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. పదిహేనేళ్లు నిండినప్పటి నుంచి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకుంటూ వస్తున్నాం. మారుతి 800 తయారీ 2014లోనే ఆగిపోయినా, ఆ బండికి సామాను ఇప్పటికీ దొరుకుతుంది, చేతితో విప్పి బాగుచేసుకోవచ్చు. నాకు ఆ బండి మీద ఉన్న ఇష్టంలో సగం ఇందుకే. కొత్త బండ్లలో పెడల్ కింద సెన్సర్ ఉంటుంది, అక్కడి నుంచి కరెంటు సంకేతం పోతుంది. మా బండిలో పెడల్‌కూ కార్బొరేటర్‌కూ మధ్య ఉన్నది ఒక్క ఉక్కు తీగ. పెడల్ తొక్కితే తీగ లాగుతుంది, కార్బొరేటర్‌లో గాలిని అడ్డుకునే బిళ్ల తెరుచుకుంటుంది. కాలు తీస్తే బిళ్లను మూసేది అక్కడున్న స్ప్రింగు. అంటే తెరవడానికి మన కాలి బలం ఉంది, మూయడానికి చిన్న స్ప్రింగు బలమే ఉంది. తీగ తన కేసింగ్‌లో కాస్త బిగుసుకుంటే చాలు, కాలు గెలుస్తుంది, స్ప్రింగు ఓడిపోతుంది.

నిజానికి నెల ముందే నాకు తెలిసి ఉండాల్సింది. మా బండి పెడల్ వదిలితే బానెట్ కింద "టక్"మని చిన్న చప్పుడు వస్తుంది. బిళ్ల మూసుకొని, దాన్ని తిప్పే లివర్ ఆపుడు స్క్రూకు తగిలే చప్పుడు అది. జులైలో వానలు మొదలయ్యాక ఆ టక్ వినబడటం మానేసింది. పొద్దున బండి తీస్తే పెడల్ బరువుగా ఉండేది, మొదటిసారి తొక్కినప్పుడు ఏదో అంటుకున్నది ఊడినట్టు తెగి కిందికి పోయేది. సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజను ఒక్కోసారి కొంచెం ఎక్కువ రేస్‌లోనే ఉండేది. బూటు కొనతో పెడల్‌ను పైకి ఎత్తితే తగ్గేది. నేను చేసిందల్లా కేసింగ్ నోట్లో నాలుగు చుక్కల ఇంజనాయిలు పోయడం. రెండు రోజులు బాగుండేది, మళ్లీ మామూలే. మళ్లీ పోసేదాన్ని. బరువెక్కిన పెడల్ ఉన్న పాత బండి ఎవరి దగ్గరున్నా నేను చేతులు జోడించి చెప్పేది ఇదే. అది చిన్న ఇబ్బంది కాదు. ఆ వారంలోనే చూపించండి.

చెట్టు కింద బానెట్ ఎత్తి మా చాచాకు ఫోన్ చేశాను. నాయిన బండి కొన్ననాటి నుంచి దాన్ని చూసిన మెకానిక్ ఆయన. కంటి ఆపరేషన్ అయి ఇంట్లోనే ఉంటున్నాడు. "బేటీ, ముందుగాల వైరు తప్పో, కార్బొరేటర్ తప్పో తేల్చుకో. తేల్చుకోకుంట సామాన్ కొనకు" అన్నాడు. అక్కడ చేతిలో పానా కూడా లేదు. లివర్‌ను వేలితో మూసే వైపుకు నెడితే మెల్లగా, బంకలో కదిలినట్టు కదిలింది. ఆ మాట చెప్తే, "బండిని ఆడనే ఉంచు, నడపకు" అన్నాడు.

వేలితో నెట్టి మూసేశాను కదా, మెల్లగా ఇంటిదాకా పోవచ్చు కదా అని మనసులో అనిపించిన మాట నిజం. కానీ పోలేదు. దుకాణం ఆమెకు చెప్పి, బస్తాలు ఆమె దగ్గరే పెట్టి, దేవరకొండ నుంచి వచ్చే ఆర్టీసీ బస్సెక్కాం. ఇద్దరికీ ఆడవాళ్ల ఉచిత ప్రయాణానికిచ్చే మహాలక్ష్మి జీరో టికెట్టే. ఇంటికి వచ్చాక నాయిన అంతా విని, "తాళం పూర్తిగా తియ్యలే కదా?" అని ఒక్కటే అడిగాడు. తియ్యలేదంటే తలూపి లోపలికి పోయి, పానాల సంచి తెచ్చి వాకిట్లో పెట్టాడు.

మర్నాడు పొద్దున నాయిన కూడా వస్తానని పట్టుబట్టాడు. మోకాళ్ల నొప్పులతో కింద కూర్చోలేడు. దుకాణం ఆమె ప్లాస్టిక్ కుర్చీ ఇచ్చింది. దాన్ని బానెట్ పక్కన వేసుకొని కూర్చున్నాడు. పనంతా నేను చేయాలి, ఆయన చూడాలి. ముందు బ్యాటరీ మైనస్ వైరు తీశాం. వైరు పనికి బ్యాటరీ తీయాల్సిన అవసరం పెద్దగా లేకపోయినా, డాష్‌బోర్డు కింద తల పెట్టేటప్పుడు తీసి ఉంచడం మంచిదని నాయిన అలవాటు. ఇంజను పూర్తిగా చల్లగా ఉంది.

కార్బొరేటర్ కనబడాలంటే పైనున్న ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీయాలి. దాన్ని తీశాక కార్బొరేటర్ నోరు తెరుచుకునే ఉంటుంది కాబట్టి ఒక శుభ్రమైన గుడ్డ కప్పాను. ఒక్క నట్టు దాంట్లో పడితే ఈ కథ వేరే ఉండేది. తర్వాత వైరు కేసింగ్‌ను పట్టి ఉంచే చిన్న బ్రాకెట్, దానికి అటొకటి ఇటొకటి రెండు నట్లు. విప్పే ముందు ఫోన్‌లో నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీసుకున్నాను. ఆ నట్లు బ్రాకెట్‌కు ఎటువైపు ఎంత మర మీద ఉన్నాయో గుర్తుండటం చాలా ముఖ్యం. తుప్పు పట్టిన మర మీద నాలుగు చుక్కల తుప్పు వదిలించే నూనె వేసి పది నిమిషాలు ఆగాం. నాయిన ఆ పది నిమిషాలూ గడియారం చూస్తూ కూర్చున్నాడు, ముందే పానా పట్టనివ్వలేదు. ఆ ఓపిక వల్లే మర తెగలేదని నా నమ్మకం.

నట్లు వదులు కాగానే కేసింగ్ బ్రాకెట్ నుంచి బయటికి వచ్చింది, తీగకు కాస్త లూజు దొరికింది. లివర్‌ను చేత్తో తెరిచి పట్టుకొని, తీగ చివర ఉన్న చిన్న గుండును గాడిలోంచి పక్కకు జరిపితే ఊడొచ్చింది. చాచా చెప్పిన పరీక్ష చేసేది ఇక్కడే. తీగ లేకుండా లివర్‌ను చేత్తో తెరిచి వదిలాను. టక్. మళ్లీ తెరిచాను. టక్. నెలరోజుల తర్వాత విన్నాను ఆ చప్పుడు. కార్బొరేటర్, స్ప్రింగు రెండూ బాగున్నాయి. ఇప్పుడు లోపల పెడల్‌ను చేత్తో కిందికి నొక్కి, తీగ కొసను బయట నుంచి లాగి చూశాం. కొంచెం వచ్చి ఆగిపోయింది. తప్పు వైరుదే.

అసలు కష్టం లోపల. డ్రైవర్ సీటును చివరిదాకా వెనక్కి జరిపి, వీపు సీటు అంచున ఆనించి, తల పెడళ్ల కిందికి పెట్టి, పళ్ల మధ్య టార్చ్ పట్టుకొని పని చేయాలి. పెడల్ కాడ పైచివర ఒక చీలిక ఉంటుంది, తీగ గుండు అందులో కూర్చొని ఉంటుంది. ఒక చేత్తో పెడల్‌ను పైకి ఎత్తి, ఇంకో చేత్తో తీగను ముందుకు లాగి గుండును చీలికలోంచి తప్పించాలి. చేతులు తలకంటే పైన ఉంటాయి, నిమిషానికే భుజాలు లాగేస్తాయి. నాకు ఇరవై నిమిషాలు పట్టింది. ఇంజను గదికీ మన కాళ్లకీ మధ్య ఉన్న రేకులో తీగ దాటే చోట రబ్బరు బుష్ ఉంటుంది. ఇరవై ఆరేళ్ల రబ్బరు చెక్కలా అయిపోయింది. స్క్రూడ్రైవర్‌తో పొడవకుండా, చుట్టూ వేళ్లతో నొక్కుతూ వదులు చేశాను.

లాగేయబోతుంటే రాత్రి అమ్మ చెప్పిన మాట గుర్తొచ్చింది. వైరు తీయడం సరే, కొత్తది అదే దారిలో ఎట్లా పోతుందని నేను అడిగితే, "లంగాకు కొత్త బొందు ఎక్కించేటప్పుడు పాతదాన్ని ఊరికే లాగేస్తమా? కొసకు కొత్తది కట్టి లాగుతం" అంది. నేను తీగ కొసకు గట్టి పురికొస కట్టి, ఇంజను వైపు నుంచి పాత వైరును మెల్లగా లాగాను. వైరు బయటికి వచ్చింది, పురికొస దాని దారిలో నిలిచింది. వైరు ఏ గొట్టం వెనక నుంచి, దేని పక్క నుంచి పోవాలో ఆలోచించాల్సిన పని లేకుండా పోయింది. మేము ఆ రోజు చేసినవాటిలో నాకు అన్నిటికంటే నచ్చిన పని ఇదే.

పాత వైరును చుట్టి సంచిలో వేసుకొని బస్సులో నల్లగొండకు పోయాను. నాయిన చెట్టు కిందే ఉన్నాడు. హైదరాబాద్ రోడ్డులో ఒక స్పేర్‌పార్ట్స్ దుకాణం. 800 ఎక్సలేటర్ వైరు అనగానే కౌంటర్ మీద ఒక పెట్టె పెట్టాడు. పాతదాన్ని దాని పక్కన పరిచి చూస్తే పొడవు వేరు, చివరి గుండు ఆకారం కూడా వేరు. అది ఎంపీఎఫ్ఐ ఇంజను బండి వైరు, అంటే కార్బొరేటర్‌కు బదులు ఇంజెక్టర్లు పెట్రోలు చిమ్మే రకం. 2000 ప్రాంతంలో 800కు కార్బొరేటర్ పోయి ఎంపీఎఫ్ఐ వచ్చింది, బయట నుంచి చూస్తే రెండు బండ్లూ ఒకటే. దుకాణం అతను మంచి మనిషి, విసుక్కోకుండా పైఅర వెతికి కార్బొరేటర్ బండిది తీశాడు. ఈసారి పొడవు, రెండు చివరల గుండ్లు, బ్రాకెట్ దగ్గరి మర మూడూ కలిశాయి. కేసింగ్‌ను గుండ్రంగా వంచి పట్టుకొని తీగను లాగి చూశాను, ఎక్కడా గరగర లేదు. వైరు, రబ్బరు బుష్ కలిపి 340 రూపాయలు. కొత్త స్ప్రింగు కూడా తీసుకొందామనుకున్నాను, పాతది బాగా పని చేస్తోంది కాబట్టి వద్దన్నాడు చాచా ఫోన్‌లో.

బిగించడం విప్పినంత కష్టం కాలేదు. పురికొసకు కొత్త వైరు కట్టి లోపలికి లాగితే తిన్నగా పోయింది. బుష్‌కు సబ్బునీళ్లు రాస్తే జారి కూర్చుంది. పెడల్ దగ్గర గుండు తగిలించడానికి మళ్లీ ఆ భుజాల నొప్పి.

చాలామంది తొందరపడేది సర్దుబాటు దగ్గర. పెడల్ వదిలినప్పుడు తీగ బిగుతుగా ఉండకూడదు, వేలితో నొక్కితే కొంచెం వంగాలి. బిగుతుగా ఉంటే బిళ్ల పూర్తిగా మూసుకోదు, ఐడిల్, అంటే పెడల్ తొక్కనప్పుడు ఇంజను తిరిగే వేగం, ఎక్కువగా ఉంటుంది. మరీ లూజుగా ఉంటే పెడల్ చివరిదాకా తొక్కినా బిళ్ల పూర్తిగా తెరుచుకోదు, గట్టు ఎక్కలేదు బండి. నేను లోపల కూర్చొని పెడల్ అడుగుదాకా తొక్కి పట్టుకున్నాను. నాయిన కుర్చీలోంచి వంగి లివర్‌ను వేలితో ఇంకా కదులుతుందేమో చూశాడు. కదిలింది. రెండు నట్లనూ ఒక్కొక్క మర జరిపాం. మళ్లీ తొక్కాను. "ఇప్పుడు నిండా తెరిచింది. వదులు" అన్నాడు. వదిలాను. లివర్ స్క్రూకు తగిలింది. నట్లు రెండూ బిగించాక ఇంకోసారి చూశాం, ఎందుకంటే బిగించేటప్పుడు కేసింగ్ తిరిగి లెక్క మారుతుంది. చోక్ పూర్తిగా లోపలికి నెట్టి ఉండాలి, లేకపోతే ఈ కొలత తప్పు వస్తుంది.

ఇంజను స్టార్ట్ చేయకుండానే పెడల్‌ను యాభైసార్లు తొక్కి వదిలించాడు నాయిన. లెక్కపెట్టాడు కూడా. ఆ తర్వాత స్టార్ట్ చేసి, వేడెక్కాక న్యూట్రల్‌లో రేస్ ఇచ్చి వదిలాం. సూది కిందపడ్డట్టు వెంటనే దిగిపోయింది. అప్పుడే రోడ్డు ఎక్కాను. మనుషులు లేని చోట యాభైలో పోతూ నాలుగైదుసార్లు తొక్కి వదిలి, కనగల్ వైపు కొంతదూరం పోయి తిరిగి వచ్చాను.

సాయంత్రం ఇంట్లో పాత వైరు కేసింగ్‌ను కటింగ్ ప్లేయర్‌తో చీల్చి చూశాం. ఇది చేయకపోతే నాకు నిద్ర పట్టేది కాదు. బయట ప్లాస్టిక్ తొడుగు, లోపల చుట్టలు చుట్టిన ఉక్కు, దాని లోపల సన్నటి ప్లాస్టిక్ గొట్టం, అందులో అసలు తీగ. మూడేళ్ల కింద ఒక షెడ్డులో వేరే పని చేసినప్పుడు, వైరు వేలాడకుండా ప్లాస్టిక్ ట్యాగ్‌తో గట్టిగా బిగించి కట్టారు. సరిగ్గా అక్కడే కేసింగ్ మడత పడి, తొడుగు పగిలి ఉంది. పగులులోంచి వాన నీళ్లు, వాషింగ్ నీళ్లు లోపలికి దిగాయి. తీగలో నాలుగు పోగులు తెగి కొబ్బరి పీచులా విచ్చుకున్నాయి. పెడల్ తొక్కినప్పుడు ఆ పోగులు ఒకవైపు వంగి జారుతాయి, తిరిగి వచ్చేటప్పుడు గొట్టంలో గుచ్చుకుంటాయి. కాబట్టే లాగడం వీలయ్యేది, వెనక్కి రావడం వీలుకాలేదు. నేను పోసిన ఇంజనాయిలు దుమ్మునూ తుప్పు పొడినీ కలుపుకొని నల్లటి జిగురై ఆ మడతలోనే పేరుకుంది. లోపల ప్లాస్టిక్ గొట్టం ఉన్న వైరుకు చిక్కటి ఆయిల్ గానీ గ్రీజు గానీ పోస్తే ఇట్లాగే అవుతుందని చాచా అన్నాడు. పోగు తెగిన వైరుకు ఏ నూనే మందు కాదు.

ఆ తెగిన పోగులను వేలిమీద పెట్టుకొని చాలాసేపు చూశాను. ఒక్కొక్కటి తల వెంట్రుక కంటే కాస్త మందం. ఆటోలోంచి వేలాడుతున్న ఆ కాళ్లకూ నా బండికీ మధ్య ఉన్నది ఆ మందమే.

కొత్త వైరును ఎక్కడా ట్యాగ్‌తో బిగించలేదు. మలుపు దగ్గర వెడల్పుగా వంగి, వేడి గొట్టాలకు దూరంగా, దాని పాత క్లిప్పులోనే వదులుగా కూర్చుంది. ఇప్పుడు ప్రతి నెలా మొదటి ఆదివారం వాకిట్లో బానెట్ ఎత్తుతాను. నాయిన అరుగు మీద నుంచి చూస్తుంటాడు. నేను లోపల కూర్చొని పెడల్ అడుగుదాకా తొక్కి వదులుతాను.

"టక్‌మన్నదా?" అంటాడు.

"టక్‌మన్నది నాయినా" అన్నాకే పేపరు తెరుస్తాడు.